టీకాస్ తప్పుడు హెచ్చరిక ఇస్తే ఏం చేయాలి: హ్యాంగర్ నుంచి ఒక ఇంజినీరు మాట

కాక్‌పిట్‌లో, విమానాలు గాలిలో ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం "క్లైంబ్, క్లైంబ్" అన్నప్పుడు అది నిజమా, అబద్ధమా అని తేల్చే పని పైలట్‌ది కాదు. ఆ పని నాది. నేను విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు చూసే ఏవియానిక్స్ ఇంజినీరును. విమానం దిగాక, లోపాలు నమోదు చేసే పుస్తకమైన టెక్‌లాగ్‌లో పైలట్ రాసిన నాలుగు వాక్యాలు చదివి, రికార్డరులోని సమాచారం తెప్పించుకుని, యాంటెన్నా నుంచి కంప్యూటర్ దాకా తీగలు వెతికి, అక్కడ నిజంగా మరో విమానం ఉందో లేదో తేల్చడానికి నాకు ఒక రాత్రంతా ఉంటుంది. పైలట్‌కు ఉండేది 5 సెకన్లు. నా పని ఆయన చేయబోయినా, ఆయన పని నేను చేయబోయినా ప్రమాదమే.

శిక్షణలో ఉన్న పైలట్ల కోసం, విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో కొత్తగా చేరిన సాంకేతిక సిబ్బంది కోసం ఇది రాస్తున్నాను. విమానం ఉన్నట్టుండి పైకి లేస్తే కుర్చీ గట్టిగా పట్టుకున్న ప్రయాణికులకు కూడా కొంత అర్థమవుతుంది.

ముందుగా ఆ పరికరానికి ఏం తెలుసో, ఏం తెలియదో చూద్దాం. టీకాస్‌కు కళ్లు లేవు. అది అడుగుతుంది, జవాబు వింటుంది. మన విమానం 1030 మెగాహెర్ట్జ్‌పై ప్రశ్న పంపితే చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లు, అంటే అడిగితే తమ వివరాలు చెప్పే రేడియో పరికరాలు, 1090 మెగాహెర్ట్జ్‌పై జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. జవాబులో ఉన్న అంకెను బట్టి ఎత్తు తెలుస్తుంది. యాంటెన్నాకు ఏ వైపు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి దిశ తెలుస్తుంది. వీటిలో దూరాన్ని బాగా నమ్మవచ్చు. ఎత్తు అవతలి విమానం ఎంత నిజం చెబితే అంతే నిజం. దిశ మాత్రం బలహీనం, ఒక్కోసారి 30 డిగ్రీల దాకా తప్పుతుంది. అందుకే టీకాస్ పైకో కిందికో వెళ్లమంటుంది గానీ పక్కకు తిరగమని ఎప్పుడూ చెప్పదు. తెర మీది గుర్తు చూసి మీరు కూడా పక్కకు తిప్పకండి.

హెచ్చరికలు రెండు అంచెలు. "ట్రాఫిక్, ట్రాఫిక్" అనేది టీఏ, అంటే సిద్ధంగా ఉండమని. పైకి, కిందికి, లేదా ఉన్న ఎత్తులోనే సమం చేయమని ఆజ్ఞాపించేది ఆర్‌ఏ. ఎంత ముందుగా మోగుతుందన్నది మనం ఉన్న ఎత్తును బట్టి మారుతుంది. 20,000 అడుగులు దాటాక, ఢీకొనే స్థితికి సుమారు 48 సెకన్ల ముందు టీఏ, 35 సెకన్ల ముందు ఆర్‌ఏ వస్తాయి. నేలకు దగ్గరవుతున్న కొద్దీ ఈ వ్యవధి తగ్గుతూ, 2,000 అడుగుల ప్రాంతంలో ఆర్‌ఏకు 15 సెకన్లే మిగులుతాయి. నేల నుంచి సుమారు 1,000 అడుగుల లోపు ఆర్‌ఏలు అసలు రావు. సుమారు 500 అడుగుల లోపు గొంతే వినిపించదు.

మా వాళ్లు "ఫాల్స్ వచ్చింది సార్" అని తెచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటిలో అవతల నిజంగానే విమానం ఉంటుంది. ఢీకొనే ప్రమాదం ఉండదు, అంతే. ఒక విమానం 33,000 అడుగులకు ఎక్కుతూ ఉంటుంది. 34,000 దగ్గర ఇంకొకటి ఎదురుగా వస్తుంది. ఇద్దరికీ అనుమతి ఉంది, మధ్య 1,000 అడుగుల ఎడం ఉంటుంది, ఎవరి తప్పూ లేదు. కానీ మొదటి విమానం నిమిషానికి 3,000 అడుగుల వేగంతో ఎక్కుతోంది. ఆ వేగానికి 1,000 అడుగులంటే 20 సెకన్లు. 33,000 దగ్గర ఆగాలని ఆటోపైలట్‌కు మీరిచ్చిన ఆదేశం టీకాస్‌కు తెలియదు. దానికి కనిపించేది దూసుకొస్తున్న విమానమే. కాబట్టి మోగుతుంది. లెక్క ప్రకారం అది సరిగ్గానే మోగింది.

ఈ రకాన్ని నివారించడం పైలట్ చేతిలోనే ఉంది. పై ఎత్తులోనో కింది ఎత్తులోనో మరో విమానం ఉందని తెలిస్తే, చివరి 1,000 అడుగులలో ఎక్కే లేదా దిగే వేగాన్ని నిమిషానికి 1,500 అడుగులు మించనివ్వకండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో చేసిన సూచన ఇది. ఖర్చు లేని పని. దీన్ని అలవాటు చేసుకున్న సిబ్బంది నా దగ్గరకు ఇలాంటి ఫిర్యాదులు తేవడం తక్కువ. ఎయిర్‌బస్ కొన్ని విమానాల్లో ఆటోపైలటే ఆ వేగం తగ్గించే ఏర్పాటు కూడా పెట్టింది.

అసలైన తప్పుడు హెచ్చరిక వేరు. అక్కడ విమానమే ఉండదు, లేదా టీకాస్ అనుకున్న చోట ఉండదు. ఇది అరుదు. అయినా జరుగుతుంది.

2025 మార్చి 1న వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయానికి దిగుతున్న అనేక విమానాలలో టీకాస్ మోగింది. పక్కన విమానమేదీ లేదు. కొందరు పైలట్లు ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేచారు, కొందరు మామూలుగానే దిగారు. ఆ నెలాఖరులో అమెరికా సెనేట్ విచారణలో కారణం బయటపడింది. అక్కడికి దగ్గర్లో సీక్రెట్ సర్వీసు, నౌకాదళం కలిసి డ్రోన్లను అడ్డుకునే పరికరాన్ని పరీక్షిస్తున్నాయి. ఆ పరికరం వాడిన పౌనఃపున్యం టీకాస్ వాడే పౌనఃపున్యానికి దగ్గరగా ఉంది. అలా చేయవద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ముందే హెచ్చరించినట్టు కూడా సెనేటర్ టెడ్ క్రూజ్ ఆ విచారణలో చెప్పారు.

ఇది చదివినప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. అంతకు నెల రోజుల ముందే, జనవరి 29న, అదే విమానాశ్రయం దగ్గర ఒక ప్రయాణికుల విమానం, సైన్యపు హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. ఆ విమానంలో ఢీకొనడానికి సుమారు 20 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" వినిపించింది. నేలకు మరీ దగ్గరగా ఉండడం వల్ల ఆర్‌ఏకు అవకాశమే లేదు. అటువంటి చోట, అటువంటి సమయంలో, పైలట్ల చెవిలో దొంగ హెచ్చరికలు వేయడమంటే ప్రాణం కాపాడే గొంతును వాళ్లు అనుమానించేలా చేయడమే.

ఇక గాలిలో ఏం చేయాలో చూద్దాం. టీఏ వినగానే నడిపే పైలట్ చేతులు కంట్రోళ్ల మీద పెట్టాలి, రెండో పైలట్ తెర మీద ఎత్తు తేడా చూసి బయటికి వెతకాలి. టీఏ ఒక్కదాన్ని బట్టి విమానాన్ని కదిలించకూడదు. ఆర్‌ఏ రాగానే ఆటోపైలట్ తీసేసి, వర్టికల్ స్పీడు సూచికలో ఎరుపు వదిలి ఆకుపచ్చలోకి కుదుపు లేకుండా, గట్టిగా తీసుకెళ్లాలి. మొదటి ఆర్‌ఏకు 5 సెకన్లలోపు స్పందించాలి. "ఇంక్రీజ్ క్లైంబ్" అని తీవ్రత పెంచినా, "డిసెండ్, డిసెండ్ నౌ" అని దిశ మార్చినా 2.5 సెకన్లే. ఆటోపైలటే ఆర్‌ఏను పాటించే ఏర్పాటు ఉన్న కొత్త ఎయిర్‌బస్‌లలో మీ కంపెనీ విధానం ఏమిటో అదే చేయండి. ఏటీసీకి "టీకాస్ ఆర్‌ఏ" అని రెండు ముక్కలు చెబితే చాలు. ఏటీసీ అంటే నేల నుంచి విమానాల రాకపోకలను నడిపించే కంట్రోలర్లు. ఆ మాట విన్నాక కంట్రోలర్ మీ ఎత్తు మార్చే ఆదేశాలివ్వకూడదు. "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" వినిపించాక ముందున్న ఎత్తుకు తిరిగి వెళ్తూ ఆ సంగతి ఏటీసీకి చెప్పండి. రెక్కలు పైకెత్తే బలం కోల్పోతున్నాయనే స్టాల్ హెచ్చరికకు, గాలి ఉన్నట్టుండి మారే విండ్‌షియర్‌కు, నేల ముంచుకొస్తోందనే హెచ్చరికకు మాత్రమే టీకాస్ కంటే ముందు స్థానం.

మా అన్నయ్య కూతురు ఒక రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ శిక్షణలో ఉంది. ఒక సాయంత్రం ఫోను చేసి అడిగింది: "బాబాయ్, బయట ఆకాశం నిర్మలంగా ఉంది. ఏటీసీ కూడా దగ్గర్లో ఎవరూ లేరంటోంది. తప్పుడుదని నాకు తెలిసిపోతోంది కదా. అప్పుడు కూడా పాటించాలా?"

"పాటించాలమ్మా" అన్నాను. ఆమెకు చెప్పిన కారణాలే మీకూ చెబుతాను.

కంటికి కనిపించనంత మాత్రాన లేదని కాదు. కనిపించిన విమానం టీకాస్ చెబుతున్న విమానమే అని కూడా కాదు. రాత్రి పూట పది మైళ్ల అవతలి దీపాలను చూసి "అదే, దూరంగానే ఉంది" అనుకునేలోపు అసలుది రెక్క కింద నుంచి రావచ్చు. ఏటీసీ తెర కూడా మీ టీకాస్ అంత తరచుగా కొత్త సమాచారం తీసుకోదు. అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటుంది. రెండు విమానాలలోనూ టీకాస్ ఉంటే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒకరిని పైకి, ఒకరిని కిందికి పంపుతాయి. మీరు మీ టీకాస్ మాటకు ఎదురెళ్తే అవతలి పైలట్ వెళ్తున్న వైపుకే వెళ్తున్నట్టు.

2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద జరిగింది ఇదే. రష్యా విమానం టుపొలెవ్ 154ను టీకాస్ పైకి వెళ్లమంది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. వాళ్లు కంట్రోలర్ మాట విన్నారు. డీహెచ్ఎల్ బోయింగ్ 757 తన టీకాస్ మాట విని దిగింది. 71 మంది పోయారు, వారిలో ఎక్కువ మంది పిల్లలు. అంతకు ముందు ఏడాది జనవరి 31న జపాన్ ఆకాశంలో ఒకే కంపెనీకి చెందిన రెండు పెద్ద విమానాలు దాదాపు ఇలాగే ఢీకొనబోయాయి. అక్కడ ఎవరూ చనిపోలేదు గానీ కుదుపుకు సుమారు వంద మంది గాయపడ్డారు. మన దేశంలో ఈ పరికరం తప్పనిసరి అయింది కూడా ఒక మహా విషాదం తర్వాతే. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు.

దొంగ ఆర్‌ఏను పాటిస్తే మామూలుగా 300 నుంచి 500 అడుగులు అటూ ఇటూ అవుతారు, ఒక నివేదిక రాస్తారు, ల్యాండింగ్ దశలో అయితే ఇంకో చుట్టు తిరిగి వస్తారు. నిజమైన ఆర్‌ఏను దొంగదనుకుంటే మిగిలేది ఏమిటో పైన చెప్పాను. ఏ పైలట్ అయినా ఈ రెంటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. నిన్న తప్పుగా మోగిందని ఈ రోజు "టీఏ ఓన్లీ" మీద, అంటే ఆర్‌ఏలు రాకుండా పెట్టుకుని ఎగరడం కూడా ఈ అవిశ్వాసమే. చేతి పుస్తకం చెప్పిన సందర్భాలలో తప్ప దాని జోలికి పోకండి.

దిగాక కథ నా చేతికి వస్తుంది. టెక్‌లాగ్‌లో "టీకాస్ ఫాల్స్ వార్నింగ్, దయచేసి చూడండి" అని ఉంటే నాకు చాలా బాధ కలుగుతుంది. అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. పరికరాన్ని నేల మీద పరీక్షిస్తాను, బాగానే ఉందంటుంది, విమానం మళ్లీ ఎగురుతుంది, మళ్లీ మోగుతుంది. నాకు కావలసింది ఇలాంటిది: "యూటీసీ 17:42, ఎత్తు 24,000, సమంగా ఎగురుతున్నాం. మొదట ట్రాఫిక్, వెంటనే డిసెండ్ వినిపించాయి. గుర్తు మా విమానం గుర్తు మీదే ఉంది, ఎత్తు తేడా సున్నా, బాణం లేదు, మేం దిగుతుంటే అదీ దిగింది. ట్రాన్స్‌పాండర్ 1 వాడుతున్నాం. ఏటీసీ దగ్గర్లో ఎవరూ లేరంది. 2కు మార్చాక గుర్తు పోయింది." ఇది చదవగానే సగం జబ్బు నాకు తెలిసిపోతుంది.

టీకాస్ తనను తానే చూసుకుంటోంది. విమానంలో ట్రాన్స్‌పాండర్, టీకాస్, నేల మీది కేంద్రం నుంచి దూరం కొలిచే డీఎంఈ ఒకే పౌనఃపున్యాల ఇరుగుపొరుగు. ఒకటి మాట్లాడేటప్పుడు మిగతావి చెవులు మూసుకోవడానికి వాటి మధ్య సప్రెషన్ తీగ ఉంటుంది. దాని కనెక్టర్ వదులైతే సొంత ట్రాన్స్‌పాండర్ జవాబే పరాయి విమానంలా వినిపించవచ్చు. దూరం సున్నా, ఎత్తు తేడా సున్నా, ఎటు వెళ్తే అటు వెంటాడే గుర్తు కనిపిస్తే ముందు ఆ తీగ చూడండి. తర్వాత 24 బిట్ల మోడ్ ఎస్ చిరునామా, అంటే ట్రాన్స్‌పాండర్ పంపే ఆ విమానపు సొంత గుర్తింపు సంఖ్య చూడండి. మన దేశంలో నమోదైన విమానాల చిరునామాలు హెక్సాడెసిమల్‌లో 8తో మొదలవుతాయి. పెద్ద మరమ్మతు తర్వాతో, రిజిస్ట్రేషన్ మారాకో ఈ చిరునామా తప్పుగా పడి ఉంటే గందరగోళం తప్పదు. ఇందులో భయంకరమైన సంగతి మరొకటుంది. సొంత చిరునామాతో వచ్చిన జవాబును టీకాస్ తనదే అనుకుని పారేస్తుంది. కాబట్టి రెండు విమానాలకు ఒకే చిరునామా ఉంటే అవి ఒకదానికొకటి కనిపించకుండా పోవచ్చు. దొంగ హెచ్చరిక కంటే ఈ మౌనం ప్రమాదకరం. చిరునామాను రిజిస్ట్రేషన్ పత్రంతో అంకె అంకె పోల్చండి.

గుర్తు నిజమే గానీ ఎత్తు పిచ్చిగా గెంతితే సంగతి వేరు. అవతలి విమానం ఎత్తు తప్పు పంపుతూ ఉండవచ్చు, మనదే తప్పు కావచ్చు. పాత విమానాల్లో ఎత్తు సమాచారం అనేక సమాంతర తీగల మీదుగా 100 అడుగుల మెట్లలో వెళ్తుంది. ఒక తీగ తెగితే ఎత్తు వందల అడుగులు అబద్ధమవుతుంది. ఏటీసీ ఆ రోజు "మీ ఎత్తు సరిచూసుకోండి" అన్నదా అని పైలట్‌ను అడగండి. మనది తప్పైతే, మనకు ఏమీ మోగకపోయినా పక్క విమానాలకు మోగుతుంది.

ఏ పరికరమూ విప్పకముందే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఒకే విమానంలో వేర్వేరు చోట్ల వస్తోందా, ఒకే చోట వేర్వేరు విమానాల్లో వస్తోందా? మొదటిదైతే జబ్బు మన విమానంలో ఉంది. రెండోదైతే ఆ చోటులో ఉంది. వాషింగ్టన్‌లో జరిగింది రెండోది. అప్పుడు పరికరం మార్చడం వృథా. వివరాలతో ఏటీసీకి, మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి వెంటనే తెలియాలి. కావాలని చేసే దాడి కూడా ఊహ కాదు. సాఫ్ట్‌వేర్ రేడియోలతో లేని విమానాన్ని తెర మీద చూపించవచ్చని పరిశోధకులు ప్రయోగశాలలో నిరూపించగా, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 జనవరిలో దానిపై సూచన పత్రం ఇచ్చింది.

హ్యాంగర్‌లో కొత్తగా చేరినవారితో ఇంకో మాట. దొంగ విమానాలను పుట్టించేవారిలో మనమూ ఉన్నాం.

విమానాన్ని జాకీల మీద లేపి చక్రాలు ముడిచే పరీక్ష చేసేటప్పుడు చక్రాల మీద బరువు ఉండదు కాబట్టి విమానం తాను గాలిలో ఉన్నాననుకుంటుంది. ఆ సమయంలో ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంటే "నేను నేల మీద ఉన్నాను" అని చెప్పాల్సింది "ఎగురుతున్నాను" అని చెబుతుంది. గాలి పీడనాన్ని బట్టి వేగం, ఎత్తు చెప్పే గొట్టాలకు చేసే పిటో-స్టాటిక్ పరీక్షలో మనం గొట్టాల్లో పీడనం మార్చి ఎత్తును కృత్రిమంగా పెంచుతాం. శంషాబాద్ రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. హ్యాంగర్‌లో విమానానికి 4,000 అడుగుల ఎత్తు చూపిస్తూ లీకు పరీక్ష చేస్తున్నారనుకోండి. దిగడానికి విమానాశ్రయం మీదుగా చుట్టు తిరుగుతున్న విమానం కూడా దాదాపు అదే ఎత్తులో రావచ్చు. దాని టీకాస్‌కు ముందు ఒక విమానం కనిపిస్తుంది. అందులోని పైలట్ నేను పైన చెప్పినట్టే చేసి, ల్యాండింగ్ వదిలి లేస్తాడు. ఆయన తప్పేమీ లేదు.

కాబట్టి పిటో-స్టాటిక్ పరీక్ష మొదలుపెట్టకముందే రెండు ట్రాన్స్‌పాండర్లూ స్టాండ్‌బైలో ఉన్నాయని మీ కళ్లతో చూడండి. మీ విమానపు మాన్యువల్ చెబితే సర్క్యూట్ బ్రేకర్ లాగి, ట్యాగ్ కట్టండి. ఎత్తు ప్రసారాన్నే పరీక్షించాల్సి వస్తే యాంటెన్నా మీద, ప్రసారం బయటికి పోకుండా మూసే కప్లర్ బిగించండి. ట్రాన్స్‌పాండర్ యాంటెన్నాలు పైన ఒకటి, కడుపు కింద ఒకటి ఉంటాయి. కింది దానికి కప్లర్ పెట్టి పైదాన్ని మర్చిపోతే అది ఆకాశం నిండా అబద్ధం చెబుతూనే ఉంటుంది. రెండూ మూయండి. హైజాక్, రేడియో వైఫల్యం, అత్యవసర స్థితి తెలిపే 7500, 7600, 7700 కోడ్లు పరీక్ష కోసం కూడా వేయకండి. విమానాశ్రయపు ఏటీసీకి పరీక్ష మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఫోనులో చెప్పండి. షిఫ్టు మారేటప్పుడు ఈ సంగతి నోటితోనే కాక కాగితం మీద కూడా అప్పగించండి. ముగిశాక ఎత్తు అసలు విలువకు వచ్చిందని, కప్లర్లు తీశామని, బ్రేకర్లు తిరిగి నొక్కామని వేర్వేరు గడుల్లో వేర్వేరు సంతకాలు ఉండాలి.

కారణం దొరికినా దొరకకపోయినా ఆ కబురు పైలట్‌కు చేరాలి. చాలా చోట్ల చేరదు. టెక్‌లాగ్‌లో "పరీక్షించాం, బాగుంది" అని రాసి మూసేస్తారు, పైలట్ మనసులో అనుమానం అలాగే ఉండిపోతుంది. నేను ఫోను చేస్తాను. "సప్రెషన్ తీగ కనెక్టర్ వదులైంది, మార్చాం" అని గానీ, "మన విమానంలో ఏమీ దొరకలేదు, ఆ రాత్రి ఆ చోట ఇంకెవరికైనా మోగిందేమో ఏటీసీని అడిగాం" అని గానీ చెబుతాను. కారణం దొరకనప్పుడు దొరకలేదనే రాస్తాను, తర్వాతి ప్రయాణాల రికార్డరు సమాచారం తెప్పించమని కోరతాను, జవాబు వచ్చేదాకా ఆ ఫైలు తెరిచే ఉంచుతాను.